వెనకొచ్చిన కొమ్ములు

మార్చి నెలలో మంచుబండి మీద
బిర్చి కట్టెలు, కొత్త నోటుబుక్కు,
మరుగుదొడ్డికి రెండు బస్తాల రంపపుపొట్టు తెస్తాను.
నా ఉద్యోగం ఇదే.
లాప్లాండ్ అడవిలో ఏడు చెక్కగదులు,
తాళం లేని ఏడు తలుపులు.

తాళం ఎందుకు లేదని దక్షిణం నుంచి వచ్చినవాళ్ళు అడుగుతారు.
వేసి ఎవరికి ఇవ్వమంటారు చెవి, అంటాను.
రూలు ఒకటే, గోడ మీద రాసి ఉండదు:
అందరికంటే ఆఖర్న వచ్చినవాళ్ళదే మొదటి హక్కు.
తడిసినవాడు లోపలికి వస్తే
ఆరినవాడు లేచి బూట్లు తొడుక్కోవాలి.
ముందొచ్చిన చెవులు ఎంత బతిమాలినా
ఇక్కడ పెత్తనం వెనకొచ్చిన కొమ్ములదే.

పొయ్యి అంటించి, పాత పుస్తకం తీసి
కాఫీ కాగేలోగా చదువుతాను.
జీతంలో అది లేదు. అయినా.

"గొడ్డలి మొద్దు. సిగ్గుండాలి."
కింద వేరే చేతిరాత:
"పదును పెట్టాను. సిగ్గు మీ దగ్గరే ఉంచుకోండి."
"ఎలుక మా జున్ను తినేసింది. మంచి జున్నే."
ఎవరో పిల్ల, గీత దాటిపోయే అక్షరాలు:
"దారి తప్పలేదని నాన్న అన్నాడు.
మూడుసార్లు అన్నాడు."

సెప్టెంబరు పదిహేడు దగ్గర
కాఫీ పొంగింది, నేను చూసుకోలేదు.

రాకెల్. పక్షుల లెక్కకి వచ్చింది.
పెన్సిలుతో, పొందికగా:
"తూర్పు వాలులో అడవికోళ్ళు పదకొండు."
అదే సాయంత్రం, నీలి సిరాతో,
సులేవి, కెమియార్వి, రిటైరైన బస్సు డ్రైవరు,
ఒక కుక్క, ఒక తుపాకి:
"వడగళ్ళ వాన. సంచిలో ఒకటి."

నాలుగడుగులు వేస్తే గోడ తగిలే గది.
ఆఖర్న వచ్చింది అతను,
కాబట్టి పొయ్యి పక్క బల్ల అతనిది.
ఆమె లెక్కపెట్టింది ఆ మేకుకే వేలాడుతూ ఉండి ఉంటుంది,
మెడ వాల్చి, ఈకలు తడిసి.
కుక్కకి మాత్రం ఎవరిది ఏ పక్షమో తెలియదు,
ఆమె కాళ్ళ మీద పడుకుని ఉంటుంది.

ఏం మాట్లాడుకున్నారో రాయలేదు.
సూపు మరక ఉంది.
పేకాట లెక్క ఉంది: రాకెల్ నాలుగు, సులేవి ఒకటి.

మర్నాడు పదకొండు కొట్టేసి ఉంది.
పక్కన పది. పెన్సిలు గట్టిగా నొక్కింది,
వెనక పేజీలో కూడా పది కనపడుతోంది.

కింద నీలి సిరా:
"పన్నెండు వేసుకో. చెరువు అవతల రెండు పుంజులు.
చాలా దగ్గరగా. తుపాకి ఎత్తలేదు.
ఎందుకని అడక్కు."

పెన్సిలు: "వెళ్ళి చూశాను. ఒకటే ఉంది."

సిరా: "రెండోదానికి మొహమాటం ఎక్కువ."

అంతే. తర్వాత పేజీలో ఎవరో
సాసేజీ మాడిపోయిందని మూడు పేరాలు ఏడ్చారు.

పొయ్యి పక్క పుల్లల కుప్ప చూశాను.
కొన్ని వేలంత సన్నం, కొన్ని మోటుగా, మణికట్టంత.
అవి వాళ్ళు చీల్చినవే అనుకోవాలని ఉంది.
కానీ ఈ ఆరు నెలల్లో ఎంతమంది వచ్చిపోలేదు,
ఎవరి పుల్లలు ఎవరు కాల్చారో
ఎవరికోసం ఎవరు చీల్చారో
ఏ ఆఫీసు లెక్క తేలుస్తుంది?

లెక్కల పుస్తకం కాదు కనుక
ఆఫీసుకి పంపేముందు ఒక్క అంకె కూడా దిద్దలేదు.
పదకొండు, పది, పన్నెండు.
మూడూ నిజమే అయి ఉంటాయి, ఏదో ఒక పూట.

బయట స్కీలు దులుపుతున్న చప్పుడు.
తలుపు తెరుచుకుంది.
కనుబొమల మీద మంచుతో ఒక కుర్రాడు,
పెదాలు నీలం, మాట రావడంలేదు.

కాఫీ సగం కూడా తాగలేదు నేను.
కప్పు అతని చేతిలో పెట్టి
లేచి, బూట్ల కోసం వెతుక్కుంటున్నాను.

రెండు గుక్కలయ్యాక నోరు విప్పాడు:
"గొడ్డలి పదునుగా ఉందా?"